దుర్భిణిలో నిటారుగా నిలబడిన మనిషి

దయ్యాల మాటెత్తితే నాకు అప్పుడూ ఇప్పుడూ చిరాకే. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, కొలతకి అందనిదాన్ని నమ్మను. కానీ ఇది నా కళ్ళతో చూసింది, చెప్పక తప్పడం లేదు.

డెబ్బైల్లో తిరువూరు మీదుగా రైలుమార్గం వేయొచ్చేమో చూడమని నన్ను సర్వేకి పంపారు. అంత తలనొప్పి పని ఇంకోటి లేదు. పెనుగొలను వెళ్ళినా, వినగడప వెళ్ళినా ఒకటే పాట. స్టేషను మా ఊళ్ళో కావాలి, పట్టాలు మాత్రం పక్కవాడి చేలోంచి పోవాలి. ఇటు జరిగితే చెరువు, అటు జరిగితే గుట్ట. రైలేమన్నా ఎడ్లబండా, ఎలా పడితే అలా తిప్పడానికి?

చివరికి కుదిరిన దారి కాస్తా క్రైస్తవుల సమాధుల దొడ్డిలోంచి పోయింది. రిటైరైన బడిపంతులు దేవసహాయం గారు రోజూ వచ్చి అక్కడే కూర్చునేవారు. ఆయన భార్య సమాధి సరిగ్గా మా దారికి అడ్డం.

"కాస్త పక్కకి జరపండి బాబూ. ఆవిడ పడ్డ బాధ చాలు, ఇప్పుడు మళ్ళీ తవ్వొద్దు."

"జరిపితే గుట్ట తొలవాలి మాస్టారూ. మా ఆఫీసరు ఒప్పుకోడు," అని విసుక్కున్నాను.

ఆ పూట ఎండ బాగా కాస్తోంది. మా కలాసీ మస్తాను సమాధుల మధ్య జెండా కర్ర పట్టుకున్నాడు. మా పాతకాలపు సర్వే దుర్భిణిలో అన్నీ తలకిందులుగా కనిపించేవి. మాకది అలవాటే. మస్తాను తలకిందులుగానే ఉన్నాడు, వెనక తాటిచెట్లూ అంతే. అతని పక్కన ఒకావిడ మాత్రం నిటారుగా నిలబడి ఉంది. కర్ర జరపమని మేం చేసే సైగలాగే, చేత్తో పక్కకి పొమ్మంటోంది.

తలెత్తి చూస్తే మస్తాను ఒక్కడే. అద్దం తుడిచాను, దుర్భిణి విప్పి మళ్ళీ బిగించాను. ఒళ్ళు మండిపోతోంది. మళ్ళీ చూస్తే ఆవిడ అక్కడే ఉంది.

"నీ పక్కనెవరయ్యా?" అని అరిచాను.

"ఎవరూ లేరు సార్. ఎండ దెబ్బేమో, కాసిని మజ్జిగ తాగండి."

ఆ చిరాకులోనే మాస్టారికి చెప్పేశాను. ఆవిడ మొహం ఎలా ఉందనీ, ఏ చీర కట్టిందనీ ఆయన అడగలేదు.

"నుంచునే ఉందా అండి?"

"ఉంది."

ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. పోయేముందు కొన్నేళ్ళపాటు ఆవిడ మంచం దిగలేదట. ఆ సంగతి అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

దారి జరిపాను. ఆఫీసరు చెడామడా తిట్టాడు. కారణం ఏమని చెప్పను? ఆ తర్వాత రైలే రాలేదు, నా చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరే.

అదే దుర్భిణితో ఇంకా చాలా ఊళ్ళు కొలిచాను. అందులో మళ్ళీ ఎవర్ని చూసినా తలకిందులే. ఆవిడొక్కతే నిటారుగా ఎలా నిలబడిందో నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు.