అది కరిగెట కాదు కొడకా

నేరేడుచర్ల నుంచి పాలకీడుకు షేర్ ఆటోలో వస్తుంటే, నాట్లకు దున్నిన కరిగెట బురద వాసన గుప్పున కొట్టింది. పక్కన కూర్చున్నవాళ్ళకు అది ఉత్త పొలం వాసన. నాకు మాత్రం మా అత్తమ్మ లింగమ్మ గుర్తొచ్చింది. ఆమె పోయి రెండేళ్ళు. మీరు ఆమెను చూడలేదు కనుక చెబుతున్నాను: పొట్టి మనిషి, పెద్ద గొంతు, బడి మొహం చూడలేదు. పదిమందిలో "నాకు తెల్వదు" అనడానికి రవ్వంత కూడా సిగ్గుపడేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట వింటే నాకే నామోషీగా ఉండేది. నర్సు చదువు చదివిన కోడలిని కదా, నా పొగరు అలా ఉండేది లెండి.

ప్రతి ఎండాకాలం గొర్రెల మందతో కృష్ణ దాటి కోస్తా పొలాల మీదికి వలసపోయిన కుటుంబం ఆమెది. కొత్త ఊరి పొలిమేరలో మందను ఆపి, ముందు ఎదురైన మనిషినే అడిగేదట: నీళ్ళు ఎక్కడున్నాయి, ఏ చేనుకు మందు కొట్టారు, ఏ గడ్డి మేపకూడదు అని. "మన ఊరు గాదు, మనకేం ఎరుక? అడగకుంటే జీవాలు సస్తయి గదా బిడ్డా" అని చెప్పేది. నేను ఊ కొట్టేదాన్ని, అంతే.

మా పాప చిన్ని ఆరేళ్ళప్పుడు సముద్రం చూస్తానని ఒకటే పట్టు పట్టింది. సరేనని, కృష్ణ సముద్రంలో కలిసేచోట తెరచాప పడవ ఒకటి మాట్లాడుకుని అత్తమ్మతో కలిపి నలుగురం వెళ్ళాం. నడిపే ఆయన పేరు నాగరాజు. తెరచాప గాలికి నిండి పడవ సాగుతుంటే మా ఆయన సైదులు రాజుగారిలా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం మడ చెట్ల పక్కన ఆపి మటన్ గిన్నె మూత తీశాం. "తొందరగా తినేయండి బాబూ, నీళ్ళు వెనక్కి పోయే వేళయింది. పడవ కూచుండిపోద్ది" అన్నాడు నాగరాజు. "అరగంటల ఏడికి పోతయ్ నీళ్ళు?" అని మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. మా కాలువలో నీళ్ళు సర్కారు వదిలితే వస్తాయి, కడితే ఆగుతాయి. రోజుకు రెండుసార్లు వాటంతట అవే వచ్చిపోయే నీళ్ళ సంగతి మాకేం తెలుసు! చేతులు కడుక్కునేసరికి పడవ చుట్టూ బురదే మిగిలింది.

నీళ్ళు మళ్ళీ రావాలంటే ఐదారు గంటలు ఆగాలట. గట్టు చూస్తే వంద అంగల దూరంలోనే ఉంది. మా ఆయన ప్యాంటు పైకి మడిచి, చిన్నిని భుజాన ఎత్తుకున్నాడు. "దిగకండి బాబూ, ఊబండి అది!" అని నాగరాజు కేకేశాడు. "కరిగెట్ల పుట్టి పెరిగినోళ్ళం, మోకాలు లోతు బురదకు భయపడుతమా?" అన్నాడీయన. వద్దు అన్న మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. మొగుడు, పైగా పరాయి మనిషి ముందు. నోరు మూసుకున్నాను.

అత్తమ్మ లేచి పడవ అంచున అడ్డంగా నిలబడింది. "పిల్లను ఈడ పెట్టు. ఈ బురద సంగతి నాకు తెల్వదు, నీకూ తెల్వదు. తెలిసినాయన మొత్తుకుంటుండు, ఇనవా? అయ్యా, జర నీ గెడ గుచ్చి సూపెట్టు." నాగరాజు పడవను నెట్టే ఆ పొడుగాటి గెడను బురదలోకి నొక్కాడు. మోకాలు లోతు దాటింది. నడుము లోతు దాటింది. మనిషి నిలువు మునిగేంత దిగినా అడుగున గట్టి నేల తగల్లేదు. "అది కరిగెట కాదు కొడకా. కరిగెట కింద నేలుంటది" అంది అత్తమ్మ. మా ఆయన చిన్నిని నా ఒడిలో పెట్టి మడిచిన ప్యాంటు కిందికి దించుకున్నాడు.

పొద్దు వాలేదాకా కూర్చున్నాం. అత్తమ్మ నాగరాజుకు అన్నం వడ్డించి, "నీ మాట ఇనలే, తప్పు మాదే" అంది. ఇక ఆ తర్వాత ఆయన్ను ఒకటే ప్రశ్నలు. చంద్రుణ్ణి బట్టి నీళ్ళ వేళ మారుతుందని ఆయన చెబితే, "అబ్బో, గంత కథ ఉందా!" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. నీళ్ళు వచ్చి పడవ తేలాక, "రండి పెద్దమ్మా, కాసేపు మీరు పట్టండి" అని నాగరాజు చుక్కాని ఆమె చేతికిచ్చాడు. కొంగు నడుముకు చుట్టి, తెరచాప కింద ఆమె నిలబడ్డ తీరు చూడాలి! ఈమె మా అత్తమ్మ అని ఒడ్డున కనిపించిన ప్రతివాడికీ అరిచి చెప్పాలనిపించింది నాకు.

ఒడ్డు చేరాక నన్ను పక్కకు పిలిచింది.

"నీకు భయం, బుగులు కాలేదా బిడ్డా?"

"అయింది అత్తమ్మా."

"మరి వద్దని ఎందుకు అనలే?"

"ఆయన మాట్లాడుతుండె గదా..."

"నీ బిడ్డ పానం కాడ నీకంటే పెద్దోడెవడే?"

అంతే అంది. గొంతు కూడా పెంచలేదు. నా జన్మలో అంతటి చీవాట్లు మళ్ళీ తినలేదు.

ఇప్పుడు మిర్యాలగూడలో ఒక దవాఖానలో పని చేస్తున్నాను. మంచం మీద ఎవరి బిడ్డో ఉంటుంది, పెద్ద డాక్టర్లు తొందరలో ఉంటారు, నాకేదో సరిగా లేదనిపిస్తుంది. "ఒక్క నిమిషం ఆగండి సార్" అంటాను. కొందరు విసుక్కుంటారు. అయినా అంటాను.