కారవాన్ నీళ్ళు, నా న్యుమోనియా

ఈ ఉదయం షవర్ తిప్పగానే మీ ముఖం మీద పడిన నీళ్ళు అంతకు ముందు ఎన్నాళ్ళుగా, ఏ గొట్టంలో, ఎంత వేడిలో నిలిచి ఉన్నాయో మీకు తెలుసా? తెలియదు. నాకూ తెలియలేదు. గుళ్ళో తీర్థాన్ని ప్రశ్నించాను, బాబాల విభూతిని ప్రశ్నించాను, పెళ్ళి ముహూర్తాల మీద సభల్లో గంటలకొద్దీ వాదించాను. షవర్‌ను మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. దాని ఫలితం పదకొండు రోజుల ఆసుపత్రి.

చమురు ధర నెలనెలా పైకి పోతూ, దోహాలో ఎటు చూసినా క్రేన్లే కనిపించిన ఏళ్ళవి. దోహాకు ఉత్తరాన లుసైల్‌లో అప్పటికింకా ఊరు లేదు. ఇసుకా, మేము పాతిన సర్వే గుర్తులూ ఉండేవి. నేను సర్వే ఇంజనీరును. వయసు యాభై రెండు, రోజుకు పది సిగరెట్లు. మాకు కంపెనీ ఒక కారవాన్ ఇచ్చింది. జీపు వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల గది అది. రెండు పడకలు, పొయ్యి, సింకు, చిన్న షవర్, అడుగున నూట యాభై లీటర్ల మంచినీళ్ళ ట్యాంకు, ఒక పంపు, ఒక హీటరు. వేసవంతా యార్డులో ఎండకు మాడి, అక్టోబరులో సైటుకు వచ్చింది. దాంట్లో వంటా, శుభ్రమూ చూసేవాడు రాజమల్లు, జగిత్యాల దగ్గర పల్లెటూరివాడు. నా టీములోని కుర్రాళ్ళు సాయంత్రం క్యాంపుకు పోయేవారు. రాజమల్లు బయట డ్రమ్ము దగ్గర బకెట్‌తో స్నానం చేసేవాడు. షవర్ వాడింది నేనొక్కణ్ణే.

సైటులో తొమ్మిదో రోజు పొద్దున లెవెల్ ఇన్‌స్ట్రుమెంటులో చూసి ఒకే రీడింగును మూడుసార్లు మూడు రకాలుగా చెప్పాను. రాసుకునే కుర్రాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తల పగిలిపోతోంది. మధ్యాహ్నానికి ఎండలో నిలబడి వణికాను. సాయంత్రం విరేచనాలు మొదలయ్యాయి.

నా అనుమానం ఎటు పోయిందో చెప్పాలా? ముందురోజు తిన్న మటన్ మీదికి. వండిన చేతుల మీదికి. జ్వరం, విరేచనాలు, వంటవాడు: నా మనసులో తీర్పు అయిపోయింది.

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్టు అనే పేటలో మేము అద్దెకున్న పోర్షనుకు చేరాను. దగ్గరి క్లినిక్కులో "ఫుడ్ పాయిజనింగ్" అని ఓఆర్ఎస్, మాత్రలు ఇచ్చారు. నా మాటే డాక్టరూ అన్నాడని సంతోషించాను. మూడో రోజుకు పొడి దగ్గు. మెట్లెక్కితే ఊపిరి అందలేదు.

"ఏమండీ, పక్కింటావిడ దిష్టి తీయమని నిమ్మకాయ పంపింది," అంది మా ఆవిడ సుగుణ.

"తీయక్కర్లేదు. మజ్జిగలో పిండు."

"మజ్జిగ కూడా తాగే స్థితిలో లేరు మీరు. పదండి ఆసుపత్రికి."

ఎమర్జెన్సీలో ఎక్స్-రే తీశారు. "రైట్ లోయర్ లోబ్‌లో కన్సాలిడేషన్ ఉంది సార్. న్యుమోనియా," అంది డ్యూటీ డాక్టరమ్మ. హైదరాబాదు ఆవిడ. ఆక్సిజన్ పెట్టి సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటిబయాటిక్ మొదలుపెట్టారు. నేను మాస్కు తీసి, "న్యుమోనియాకు విరేచనాలెందుకు? మీరు పొరబడ్డారు. మటన్ సంగతి చూడండి," అన్నాను. ఆవిడ కోప్పడలేదు. నర్సును నా మాస్కు సరిచేయమంది.

మంచం మీది నుంచే ఆఫీసుకు ఫోన్ చేశాను. "వంటవాడికి టెస్టులు చేయించండి. వాడి వంటే నన్ను పడేసింది." వాళ్ళు అదే పూట రాజమల్లు డ్యూటీ ఆపేశారు.

సెఫ్ట్రయాక్సోన్ రెండు రోజులు ఎక్కించినా జ్వరం నూట మూడు నుంచి దిగలేదు. రక్తంలో సోడియం పడిపోయింది. ఆ పూట నేను సుగుణను గుర్తుపట్టలేదట. మంచం కింద పంపు తిరుగుతోంది, ఆపండి అని అరిచానట. నాకేమీ గుర్తు లేదు. ప్రతిదానికీ రుజువు అడిగే నాకు, నా జీవితంలో రెండు రోజులు రుజువు లేకుండా పోయాయి.

అప్పుడు ఆ డాక్టరమ్మే నా మూత్రాన్ని యాంటిజెన్ పరీక్షకు పంపించింది. నేను తెలివిలోకి వచ్చేసరికి మందు మారి ఉంది. లీవోఫ్లాక్సాసిన్ డ్రిప్పు.

"లీజియోనెల్లా సార్," అందావిడ. "నిలవ ఉన్న గోరువెచ్చటి నీళ్ళలో, గొట్టాల లోపలి జిగురులో పెరిగే బాక్టీరియా. తుంపరలుగా పీలిస్తే లంగ్స్‌లోకి పోతుంది. మీ వయసు, మీ స్మోకింగ్ దానికి దారి ఇచ్చాయి. ఈ మధ్య ఏమైనా హోటల్లో ఉన్నారా?"

"ఇసుకలో ఉన్నానమ్మా. కారవాన్‌లో."

"అందులో షవర్ ఉందా?"

నేను జవాబు చెప్పకుండా, "మరి మటన్?" అన్నాను.

"మటన్‌ను వదిలేయండి. ఇది తిండితో రాదు. మనిషి నుంచి మనిషికీ అంటుకోదు. దీంట్లో విరేచనాలు కూడా ఉంటాయి కనక చాలామంది వంటవాణ్ణే తిడతారు."

ఆ మాట కూడా నేను వెంటనే నమ్మలేదు. రుజువు కావాలన్నాను. సుగుణ ఆఫీసు వాళ్ళ వెంటపడి కారవాన్ నీళ్ళను ఒక ప్రైవేటు ల్యాబుకు పంపించింది. ట్యాంకు నీళ్ళు శుభ్రం. సింకు కొళాయి శుభ్రం. షవర్ గొట్టం పాజిటివ్.

ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "మీరన్నదే నిజమైంది. కారవాన్ శుభ్రం చేయాల్సింది ఆ రాజమల్లే కదా. కాన్సిల్ చేస్తున్నాం." కాన్సిల్ అంటే వీసా రద్దు, మొదటి విమానానికి ఇంటికి. తిండి తప్పు కాదని తేలగానే, నీళ్ళ తప్పు అదే మనిషి మీదికి వచ్చి పడింది. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఫోను పెట్టేశాను.

ఆ సాయంత్రం రాజమల్లు వచ్చాడు. చేతిలో నాలుగు బత్తాయిలు. మంచానికి దూరంగా నిలబడ్డాడు.

"మంచిగున్నరా సార్?"

"ఉన్నాను. నువ్వు షవర్ ఎందుకు కడగలేదు రాజమల్లూ?"

అతను సుగుణ వైపు చూశాడు. తర్వాత నా వైపు. "యాదికి లేదా సార్? కారవాన్ అచ్చిన దినం ట్యాంకుల బ్లీచ్ పోసిన. సింకు నల్ల తిప్పిన, వాసన అచ్చింది. ఇంక షవర్ తిప్పాలె, రాత్రంత ఉంచాలె అన్న. మీరు ఆ నల్ల నీళ్ళతోనే చాయ్ పెట్టుకొని, తాగి ఉమ్మేసిన్రు. విషం కలిపినవా, అంత ఒంపెయ్యి అన్నరు."

"ఒంపేస్తే ఒంపేశావు. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పిన సార్. డోరుకు కంపెనోళ్ళు అంటించిన కాగితం సూపెట్టిన. దాని మీద రాసున్నది సార్, రాత్రంత అని."

అప్పుడు గుర్తొచ్చింది. నేనన్న మాట కూడా గుర్తొచ్చింది. "కాగితం మీద రాసిందల్లా వేదమా?" అన్నాను. బాగా అన్నానని నవ్వుకున్నాను కూడా. ముప్పై ఏళ్ళుగా సభల్లో చప్పట్లు కొట్టించిన వాక్యం అది. కానీ ఆ రోజు నేను కాగితంలో రాసినదాన్ని పరీక్షించలేదు. అలా ఎందుకు రాశారని అడగలేదు. క్లోరిన్ వాసన నా చాయ్‌ను పాడుచేసింది, అంతే. నేను చేసింది ప్రశ్నించడం కాదు. చిరాకును ప్రశ్న అనుకోవడం. పసరు మందు తాగేవాడికి ఒక నమ్మకమైనా ఉంటుంది. నాకు అది కూడా లేదు.

ల్యాబు కాగితం మళ్ళీ తీసి చూశాను. బ్లీచ్ తగిలిన ట్యాంకు శుభ్రం. బ్లీచ్ తగిలిన సింకు కొళాయి శుభ్రం. నేను ట్యాంకు ఒంపించేయడంతో బ్లీచ్ తగలని షవర్‌లో రోగం. అంతకంటే శుభ్రమైన సాక్ష్యం నేను ఏ చర్చలోనూ చూడలేదు.

రాజమల్లు వెళ్ళాక ల్యాబు కాగితం మడిచి దిండు కింద పెట్టాను. సుగుణే అంది: "ఆఫీసుకు ఏం చెప్తారు?"

"సోడియం తగ్గి నాకేదీ గుర్తు లేదని డాక్టర్లే రాశారు."

"అది జ్వరం వచ్చాక సంగతి. చాయ్ ఉమ్మింది అంతకు ముందు." బత్తాయి ఒలుస్తూ తల ఎత్తకుండానే అంది. "ఊళ్ళో అందరినీ సాక్ష్యం తెమ్మంటారుగా. ఇప్పుడు సాక్షి మీరే. అతను మిమ్మల్ని సాయం అడగడానికి కూడా రాలేదండీ, చూడ్డానికి వచ్చాడు."

కుడిచేతికి డ్రిప్పు సూది ఉంది. ఎడమచేత్తో రాశాను. ట్యాంకులో బ్లీచ్ పోసింది రాజమల్లు, ఒంపించింది నేను, షవర్ తిప్పనివ్వనిది నేను, అతను నాకు కాగితం చూపించాడు. సంతకం వంకరగా వచ్చింది. ఇది జ్వరంలో రాసిందని ఆఫీసు వాళ్ళు అనుకుంటారేమోనని డాక్టరమ్మ చేత కింద సాక్షి సంతకం కూడా పెట్టించాను. కాన్సిల్ ఆగింది. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. అది న్యాయమే.

ఇంటికి వచ్చాక అయిపోయిందనుకున్నాను. కాలేదు. రెండో వారంలో మళ్ళీ ఆయాసం వచ్చి ఎక్స్-రేకు పరుగెత్తాం. "కొత్త ఇన్ఫెక్షన్ కాదు, లంగ్ మెల్లిగా క్లియర్ అవుతోంది. మీరు తొందరపడుతున్నారు," అంది డాక్టరమ్మ. "సిగరెట్ తాగుతాను అనకండి. తాగేవాణ్ణి అనండి." మూడు నెలలు ఒక అంతస్తు ఎక్కడానికి రెండుసార్లు ఆగాను.

ఇప్పుడు సైటుకు పోతున్నాను. ఎదురుగాలిలో నడిస్తే ఊపిరి ఇంకా అందదు. కారవాన్ ప్రతి సీజన్‌కు వచ్చినప్పుడు రాజమల్లు నన్ను బయట కుర్చీలో కూచోబెడతాడు. "సార్, రేపటిదాక చాయ్ మాఫీ," అంటాడు. అరబీలో మాఫీ అంటే లేదు అని. అలా నా మీది పాత కసి కొంచెం తీర్చుకుంటాడు. ఫిల్టరు విప్పి పక్కన పెడతాడు. హీటరులో పాత నీళ్ళు చల్లారాక ఒంపేస్తాడు. వంద లీటర్లకు వంద మిల్లీలీటర్ల చొప్పున, సువాసన కలపని మామూలు బ్లీచ్‌ను ముందు బకెట్ నీళ్ళలో కలిపి ట్యాంకులో పోసి నింపుతాడు. పంపు వేసి సింకు, షవర్, వేడి, చన్నీళ్ళు అన్నిటినీ ఒక్కొక్కటే క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పుతాడు. షవర్ మూతి విప్పి విడిగా నానబెడతాడు. రాత్రంతా ఉంచి, మర్నాడు వాసన పోయేదాకా మంచినీళ్ళతో కడుగుతాడు. నేను గడియారం చూస్తాను. నోరు మూసుకుంటాను.

మీది కారవాన్ కాకపోవచ్చు. దోహాలో అల్ హిలాల్ పేటలో విల్లా మీది ట్యాంకు కావచ్చు, సెలవులకు పోయి రెండు నెలల తర్వాత తెరిచిన ఫ్లాటు కావచ్చు. ఈ వ్యాసాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. లేవండి. ఆ ట్యాంకు చివరిసారి ఎవరు కడిగారో, షవర్ గొట్టం దాకా కడిగారో లేదో ఆ మనిషినే అడగండి. అతను కాగితం చూపిస్తే చదవండి. రాత్రంతా ఉంచాలంటే, ఉంచనివ్వండి.