రెండు సీసాలూ నావే

మాది కవిటి దగ్గర పల్లె. నాలుగేళ్ల కిందట, కిడ్నీ జబ్బు మీద పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి మా ఇంటికొచ్చి రెండు చిన్న సీసాలిచ్చింది. భార్యాభర్తలిద్దరూ మూత్రం పట్టి ఉంచమంది. మా ఆయన కొబ్బరికాయలు ఒలుస్తూ, "నాకేటి రోగం? నానియ్యను" అని కసిరారు. ఎండలో ఇల్లిల్లూ తిరుగుతున్న ఆ అమ్మాయిని చూసి జాలేసి, రెండు సీసాలూ నేనే నింపేశాను.

పది రోజులకు ఆమె మళ్లీ వచ్చి, "ఇద్దరికీ మూత్రంలో ప్రొటీన్ పోతోంది, రక్త పరీక్ష చేయాలి" అంది. మా ఆయన అరుగు మీద కూలబడిపోయారు. "అన్నయ్యని తినేసిన రోగం నాకూ ఒచ్చీసిందేటే?" అని ఏడుస్తుంటే చూడలేకపోయాను. ఇరుగుపొరుగు అందరూ వింటుండగా, "నీకేటీ నేదు మావా, రెండూ నావే" అని చెప్పేశాను.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ అమ్మాయి మాత్రం పల్లెత్తు మాట అనలేదు. నా చెయ్యి పట్టుకుని, "అయితే ముందు నిన్ను చూపించాలక్కా" అంది. మర్నాడు తనే మా ఇద్దరినీ పలాస ఆసుపత్రికి తీసుకెళ్లి పరీక్షలు చేయించింది. మా ఆయనకు ఏమీ లేదు. నా జబ్బు మొదట్లోనే దొరికింది.

ఉప్పు తగ్గించి, మందులు వాడుకుంటూ ఈరోజుకీ నా పని నేనే చేసుకుంటున్నాను. నా అబద్ధానికి కోప్పడకుండా, నా ప్రాణం గురించి ఆలోచించిన ఆ చెల్లెలు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.