మైనం పెట్టని అచ్చు

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో బొమ్మలు చేసే లింగానికి కోపం వస్తే అరవడు, నోరు మూసుకుంటాడు. భార్య రేణుకమ్మకు ఆ సంగతి బాగా తెలుసు. ఆయన రెండు రోజులు మాట్లాడలేదంటే ఎవరికో మూడిందని అనుకునేది. 1972లో ఒకసారి ఏకంగా మూడు వారాలు మాట్లాడలేదు.

తండ్రి మట్టిబొమ్మలు చేసి సంతల్లో అమ్మినవాడు. లింగం పదహారేళ్ళప్పుడే నాందేడ్ వెళ్ళి, ప్లాస్టర్ పనీ అచ్చులు తీసే పనీ నేర్చుకుని వచ్చాడు. ఆ పనిలో మొదటి పాఠం ఒక్కటే. బొమ్మకూ దాని మీద పోసే అచ్చుకూ మధ్య సబ్బునీళ్ళో నూనో పూయాలి. పూయకపోతే రెండూ కరుచుకుపోయి చచ్చినా వదలవు. లింగం ముప్పై ఏళ్ళలో ఒక్క బొమ్మ కూడా అచ్చులో ఇరికించుకోలేదు. అంతటి పనిమంతుడని ఊళ్ళో అందరికీ తెలుసు, అందరికంటే ముందు ఆయనకు తెలుసు.

బోధన్ దగ్గర కాలువ కింద చెరకు పండించే జగ్గారావుకు కార్ల పిచ్చి. రేకు లేకుండా, గాజుపీచుకు రెజిన్ అనే జిగురు పట్టించి కారు ఒళ్ళు చేయవచ్చని ఏదో పత్రికలో చదివాడు. ముందు నిలువెత్తు నమూనా కారు ఒకటి కావాలి. దాని మీద రెజినూ గాజుపీచూ పొరలు పొరలుగా వేసి అచ్చు తీయాలి. ఆ అచ్చుంటే ఎన్ని కార్లు కావాలన్నా పోసుకోవచ్చు. అచ్చు మాట రాగానే ఎవరో లింగం పేరు చెప్పారు. జగ్గారావు స్వయంగా జీపులో వచ్చి తీసుకెళ్ళాడు.

పత్రికలోని బొమ్మ అగ్గిపెట్టెంత ఉంది. దాన్ని చూసి కారు చేయమన్నాడు మహానుభావుడు. లింగం చెక్కచట్రం కట్టాడు, ఇనుపజాలీ బిగించాడు, ప్లాస్టర్ పోశాడు. ఆ తర్వాత అయిదు నెలల పాటు గీకుతూ, అరగదీస్తూ కూర్చున్నాడు. బానెట్టు ముందుకు దిగే వంపు ఆయనకు నచ్చడానికే నెల పట్టింది. కళ్ళకు కనిపించని ఎత్తుపల్లాలను అరచేత్తో రాసి పట్టుకునేవాడు. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి బెల్లపు పాకం వాసన, జగ్గారావు షెడ్డులో తెచ్చిపెట్టిన రెజిన్ డబ్బాల ఘాటు కలిసి తల తిరిగిపోయేది. అయినా ఇంటికి వెళ్ళి ఆ వంపు గురించే చెప్పేవాడు. పుట్టిన బిడ్డల గురించి కూడా ఆయన అంత చెప్పలేదని రేణుకమ్మ నవ్వేది.

ఒక ఆదివారం జగ్గారావు చుట్టాలతో, ఒక ఫొటోగ్రాఫరుతో షెడ్డుకు వచ్చాడు. లింగం చేతిలోని గరుకు కాగితం లాక్కుని, చొక్కా చేతులు మడిచి, బానెట్టు మీద వంగి నిలబడ్డాడు.

"నువ్వు కాస్త పక్కకు జరుగు లింగం, ఫొటోలో పడుతున్నావు" అన్నాడు. తర్వాత చుట్టాలకేసి తిరిగి, "అయిదు నెలలు పట్టిందండీ. ప్రతి అంగుళం నా చేత్తో చేసిందే. ఇతను ప్లాస్టర్ కలిపి పెడతాడు" అన్నాడు.

లింగం పక్కకు జరిగాడు. ఆ ఫొటో నెల తిరక్కుండానే నిజామాబాద్ స్టూడియో అద్దాల బీరువాలో వేలాడింది. మందుల కోసం బజారుకు వెళ్ళిన రేణుకమ్మ అది చూసి వచ్చింది.

"గది నువ్వు చేసిన కారే గదా? మరి నువ్వేడున్నవ్?" అని అడిగింది.

ఆ రోజు నుంచే లింగం నోరు మూశాడు. జగ్గారావును పదిమందిలో నిలబెట్టి, ఈ కారు చేసింది లింగం అని అతని నోటితోనే అనిపించాలి. అంతకు తక్కువదేదీ ఆయనకు అక్కర్లేదు.

నమూనాకు చివరగా లక్క పూత వేశారు. దాని మీద మైనం రుద్దాలి. రెజిన్‌కు సబ్బునీళ్ళు పనికిరావు, మైనమే ఆధారం. ఏడుసార్లు రుద్ది, ఏడుసార్లు తుడవాలి. లింగం మైనం డబ్బా మూత తీయలేదు. లక్కనే మెత్తటి గుడ్డతో మూడు రోజులు రుద్ది తళతళలాడించాడు. మైనం పట్టిన ఒంటిమీద వేలు జారిపోతుంది, లక్క మీద కిర్రుమని ఆగుతుంది. చేత్తో పని చేసినవాడైతే ఒక్క వేలు పెడితే తెలిసిపోతుంది. చూపుకు మాత్రం రెండూ ఒకటే.

అప్పుడు నోరు విప్పాడు. "సారూ, అచ్చు పోసే ముందుగాల ఒక్కసారి మీరు చెయ్యి వెట్టి సూడుండ్రి" అన్నాడు.

నిజం చెప్పాలంటే అది ఆ మనిషికిచ్చిన చివరి అవకాశం. జగ్గారావు గుమ్మంలోంచే చూశాడు. "అద్దంలా ఉందయ్యా, ఇంకేం చూడాలి? కానివ్వు" అన్నాడు.

కానిచ్చాడు. రెజిన్, గాజుపీచు, మళ్ళీ రెజిన్. అచ్చు గట్టిపడే దాకా నాలుగు రోజులు ఆగారు. అయిదో రోజు అచ్చు ఎత్తడం చూడటానికి షెడ్డు ముందు షామియానా వేశారు. బోధన్ చెరకు రైతులు, హైదరాబాదు నుంచి కార్ల వ్యాపారి ఒకాయన వచ్చారు. జగ్గారావు ఇస్త్రీ పంచెలో తిరుగుతూ ప్రతి అంగుళం కథ మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు.

అచ్చుకూ నమూనాకూ మధ్య చెక్కమేకులు దిగ్గొట్టారు. నీళ్ళు పోశారు. ఎనిమిదిమంది పట్టి లాగారు. అచ్చు కదల్లేదు. గడ్డపార పెట్టి ఎత్తితే లోపల ప్లాస్టర్ పెళ్ళుమంది. లింగం గోడకు ఆనుకుని చూస్తున్నాడు. ఇన్ని రోజుల మంట అప్పుడు కాస్త చల్లబడింది.

"మైనం పెట్టావా లేదా?" అన్నాడు జగ్గారావు, చెమటలు కక్కుతూ.

"లే సారూ."

"ఎందుకు పెట్టలేదు?"

"చేసినోనికి ముట్టుకుంటె తెలుస్తది గద సారూ. మీరు సూసి, మంచిగుంది, కానియ్యమన్నరు."

వ్యాపారి జగ్గారావు కేసి చూశాడు. "ఏవండీ, మీ చేత్తో చేసిందన్నారు? మైనం లేని సంగతి తెలియలేదా?"

జగ్గారావు మొహం కందగడ్డయింది. "నేను చెయ్యలేదండీ" అన్నాడు. "మొదటినుంచీ వీడే చేశాడు. ఈ లింగమే. నేను చెయ్యి కూడా పెట్టలేదు."

షామియానా కింద యాభైమంది విన్నారు. లింగం ముందుకు వచ్చాడు. "అవు సారూ, నేనే చేసిన" అన్నాడు అందరికీ వినిపించేలా. ఆ మాట అంటుంటే ఆయన ఛాతీ ఉప్పొంగింది. చచ్చినా ఫరవాలేదనిపించింది.

వచ్చినవాళ్ళు గుసగుసలాడుకుంటూ లేచి వెళ్ళిపోయారు. షెడ్డులో కూలీలు మిగిలారు. జగ్గారావు సుత్తి ఒకటి ఏరుకుని తెచ్చి లింగం చేతిలో పెట్టాడు.

"షెడ్డు ఖాళీ కావాలి. పగలగొట్టు."

గడ్డపార లేపిన చోట అచ్చు అంచు విరిగి, లోపల బానెట్టు వంపు బయటపడి ఉంది. పగుళ్ళు పట్టినా ఆ వంపు ఇంకా అలాగే ముందుకు దిగుతోంది. లింగం సుత్తి ఎత్తాడు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఇది పోతుందని ఆయనకు ముందే తెలుసు, తట్టుకోగలననే అనుకున్నాడు.

"ఇంకెవర్నన్న పిలువుండ్రి సారూ" అన్నాడు, సుత్తి దించి.

జగ్గారావు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంకెవరెందుకు లింగం?" అన్నాడు నెమ్మదిగా. "చేసింది నువ్వే కదా. కొట్టు."

లింగం కొట్టాడు. చీకటి పడే దాకా కొడుతూనే ఉన్నాడు.