రెండు వారాల లెక్క

మా అత్తగారు పోయిన మంగళవారం తెల్లవారుతుండగా కన్నుమూశారు. నరసాపురంలో మా పేటవాళ్లందరికీ ఆవిడ గొంతు తెలుసు. వీధి మొదట్లో "చేపలమ్మా" అని కేకేస్తే, చివరింట్లో చింతపండు నానబెట్టేసేవారు.

కొత్త కోడలిగా నాకు ఆ గొంతంటే హడలు. నెల తప్పాక వేవిళ్లు పట్టుకున్నాయి. చేపలమ్మే ఇంట్లో ఉంటూ చేపల వాసనకే డోకొచ్చేది. ఆవిడ బుట్ట అరుగు మీదే దించి, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, గుమ్మం బయటి నుంచి "ఇప్పుడు రావచ్చా, ఇంకా కంపేనా?" అని అడిగేవారు. సొంత ఇంట్లోకి రావడానికి కోడల్ని అడిగిన అత్తను నేను మళ్లీ చూడలేదు.

అంతలో స్కానింగ్‌లో ఆరు వారాలన్నారు. మా ఆయన సముద్రం మీద వేట ముగించుకుని ఇల్లు చేరి నెలే అయింది. ఆడపడుచు వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. మర్నాటికి ఆ లెక్క వీధంతా పాకింది. తప్పు చెయ్యలేదని తెలుసు గానీ, ఆ లెక్క నాకూ కలవలేదు.

అత్తగారు చీర మార్చుకుని మా ఇద్దరినీ ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లారు.

"ఏవండి డాక్టరమ్మగారూ, మావోడు ఇంటికొచ్చి నెల. మీరేమో ఆరు వారాలంటున్నారు. ఎక్కణ్ణించండి మీ లెక్క?"

"ఆఖరి నెలసరి మొదలైన రోజు నుంచమ్మా. కడుపు నిలిచిన రోజు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు కదా. మా లెక్కలో మొదటి రెండు వారాలూ లోపల బిడ్డే ఉండదు. ఇప్పుడు పెసరగింజంత ఉంది. గుండె కూడా కొట్టుకుంటోంది."

"అంటే, చుట్టం రాకముందే ఇస్తరేసేత్తారన్నమాట!"

మా ఆయన తలెత్తలేదు.

తిరిగొస్తూ అడిగాను, "లెక్క కలవకపోతే ఏం చేసేవారత్తయ్యా?"

"ఏంటే ఆ మాట? నేనెళ్లింది లెక్కనడగడానికి. నిన్నడగడానిక్కాదు."

ఆటోలోనే భోరుమన్నాను. నా తల్లి కూడా అంత నమ్మకంగా మాట్లాడి ఉండేది కాదేమో.

అత్తగారు వీధి మొదట్లోనే ఆటో ఆపించి దిగారు. "చేపలమ్మా, చేపలూ!" అని గొంతెత్తారు. ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకొచ్చారు. ఆవిడ దగ్గర బుట్ట లేదు.

"ఇయ్యాళ చేపల్లేవు. మా కోడలికి ఆరు వారాలు. అందులో రెండు వారాలు డాక్టర్లు ముందే కలిపేత్తారంట. ఇంకెవరైనా వేళ్లు మడుత్తారేంటి?"

గిన్నెలు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉండిపోయాయి.