రాజలింగం మామ ఫోన్ల పహరా

రాజలింగం మామకు ఒకే ఒక్క పిచ్చి. తను ఎవరికీ ఫోన్ చేయడు గానీ, బొంబాయి కామాటిపురలో ఏ ఫోన్ కనిపించినా ఎత్తి చెవికి పెట్టుకుంటాడు.

మేస్త్రీ పని మానేసినప్పటి నుంచి రోజుకు మూడుసార్లు గస్తీ. ఇరానీ హోటల్, పిండి గిర్నీ, పాన్ దుకాణం, ఫోరస్ రోడ్డు మీద దర్జీ తుకారాం దుకాణం. రిసీవర్ ఎత్తి, డయల్ టోన్ గుర్రుమనే దాకా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకునేవాడు.

"పాన్ దుకాణం ఇయ్యాల పన్నెండు. నిన్న తొమ్మిదే. జర నలతగున్నది సాయిలూ," అని ఇంట్లో మనిషికి జ్వరం వచ్చినంత దిగులుగా నాతో చెప్పేవాడు.

నా పెళ్లి ఊరేగింపు గిర్నీ ముందుకు రాగానే బ్యాండు ఆపించిన మహానుభావుడు. గుర్రు వినపడటం లేదట! అప్పటినుంచి మేమంతా ఒక్కో గదిలో ఉండే చాల్‌లో మామను అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది నేనే.

మామ భార్య రత్నాబాయి అత్తదీ అదే మంట. "ఫోను పన్నెండు లెక్కలకు పలుకుతది. నేను పిలిస్తే నువ్వు రెండొందలకు గూడ పలుకవు. నీ పేరు గూడ రాస్కో ఆ బుక్కుల!"

ఎనభై నాలుగు జూలైలో మూడు రోజులు వాన వదల్లేదు. నాలుగో రోజు పొద్దున్నే నా భార్య భూదేవికి నెల ముందే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని యాదమ్మ పొట్ట తడిమి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బిడ్డ అడ్డం తిరిగిండు. నాతోని గాదు. దవాఖాన బండిని పిలువు, జల్దీ!"

గల్లీలో మోకాటి లోతు నీళ్లు. ఒక్క టాక్సీ లేదు. ఇరానీ హోటల్‌కు పరిగెత్తాను, ఫోన్ బంద్. గిర్నీ బంద్. పాన్ దుకాణం బంద్. పైనుంచి భూదేవి అరుపు వినిపిస్తూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

మామ నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ ఎదురొచ్చాడు. "తుకారాం దుకాణంకు నడువు. వానల అదొక్కటే నడుస్తది."

అక్కడి ఫోన్ ఎత్తాను. చడీచప్పుడు లేదు.

"ఇది గూడ సచ్చింది మామా!" అని పెట్టేయబోయాను.

నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "పెట్టెయ్యకు! పెడితే మళ్ల మొదటికొస్తది. అందరు పదికే పెట్టేస్తరు. వానల దీనికి ముప్పై పడ్తది. నాతోని లెక్కపెట్టు."

పదిహేను. ఇరవై. తుకారాం మిషన్ ఆపేశాడు. ఇరవై ఎనిమిది.

ముప్పై ఒకటికి గుర్రుమంది.

బండి వచ్చేదాకా చేతులాడక మామ బుక్కు తిప్పాను. వెనక పేజీలో ఇలా ఉంది: "మల్లమ్మ, ఆయాసం: ఇరానీ హోటల్. లచ్చయ్య, గుండె: గిర్నీ. భూదేవి, కాన్పు, వానలు: దర్జీ." చాల్ మొత్తం అందులోనే ఉంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

తల్లీ బిడ్డా క్షేమం. ఇరవై ఒకటో రోజు ఉయ్యాలలో పిల్ల కేరుమంది. భూదేవి ఉరికొచ్చి ఎత్తుకుంది.

"మూడు!" మామ బుక్కు తీశాడు. "కామాటిపురల ఇంత జల్దీ లైను లేదు."

వాకిట్లోంచి రత్నాబాయి అత్త కేకేసింది. "ఏమయ్యా, నీళ్ల బిందె అందుకొమ్మని ఎంతసేపాయె!"

మామ బుక్కు జేబులో కుక్కుకుంటూ పరిగెత్తాడు. "వస్తున్ననే! పెట్టెయ్యకు!"