తూకం మావయ్య

ఆ బుల్లి విమానానికి రెక్కలిచ్చింది కంపెనీ అయితే, సమతౌల్యం ప్రసాదించేవాడు తూకం మావయ్య. ప్రయాణికులను ఒక్కొక్కరినే కాటా మీద నిలబెట్టి, ముల్లు చూసి, "మీరు వెనక్కి, మీరు రెక్క దగ్గరికి" అని సీటు చెప్పడం ఆయన ఉద్యోగం. ఎంతటివాడైనా అక్కడ పొట్ట బిగబట్టి నిలబడవలసిందే. ఆ ఉదయం ఎవరెక్కినా ముల్లు కదల్లేదు. చివరికి అదే విమానంలో వెళ్తున్న సొంత కూతురు ఎక్కినా అంతే.

"సన్నబడ్డానంటే నమ్మలేదుగా నాన్నా!" అంది.

ఆయన తానెక్కి చూశాడు. ముల్లు బుద్ధిగా ఆయన బరువు చూపించింది.

"కాటా ముసలిదైపోయింది మావయ్యా," అని నవ్వుతూ పైలట్ కూడా కాటా ఎక్కాడు. ముల్లు సున్నా దాటలేదు. విమానం ఎక్కేవాళ్లెవరికీ బరువు లేదు, నేలమీద ఉండిపోయే తనకొక్కడికే ఉంది.

మావయ్య తిన్నగా వెళ్లి విమానం మెట్లమీద బైఠాయించాడు. "నన్ను తొక్కుకుంటూ వెళ్లండి!"

"లే నాన్నా, అందరూ చూస్తున్నారు," అంటూ కూతురు పక్కన కూర్చుని ఆయన భుజం మీద తల వాల్చింది.

భుజానికి బరువేమీ తెలియలేదు.